పేరెత్తని స్నేహం

మా సీనియర్ అబద్ధమాడగా నేను చూసింది ఒక్కసారే. ఒక వకీలు గురించి ఈ మాటంటే నవ్వుతారని తెలుసు, నవ్వండి. వాదన సాగదీయడం, వాయిదాలు లాగడం, అవతలి సాక్షిని మూడు చెరువుల నీళ్లు తాగించడం మా వృత్తిలో ఉన్నవే. వాటిని నేను అబద్ధాల్లో వేయను. నేను చెప్పేది వేరు. చేతులు జోడించి పిలిచిన మనిషిని చూసి, ఎవరో తెలియనట్టు మొహం పెట్టడం. ఆ రోజు నా కాళ్ల కింద నేల కదిలిపోయింది.

మాది రైల్వే కుటుంబం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి బస్తర్‌లోని కిరండూల్ లైన్లో ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. గోండీలో నాకు ముందు తిట్లు వచ్చాయి, మిగతాది తర్వాత నేర్చుకున్నాను. లా చదివి జిల్లా కోర్టుకు వెళ్తే ఆడపిల్లను జూనియర్‌గా పెట్టుకునేవాళ్లు దొరకలేదు. పెళ్లయి పోయేదానివి, నీకు పని నేర్పి నాకేం లాభమని ఒకాయన మొహం మీదే అన్నాడు. మా సీనియర్ మాత్రం నేను చెప్పింది సగం విని, "ఏందమ్మా, తెలుగు పిల్లవా? నిలబడ్డవేంది, కూర్చో" అని రేకుల షెడ్డు కింద తన బల్ల పక్కన కుర్చీ వేయించారు. నాకు అన్నం పెట్టిన కుర్చీ అది.

ఆయనది కుంట దగ్గరి సరిహద్దు పల్లె. తాతల కాలంలో భద్రాచలం వైపు నుంచి వచ్చిన కుటుంబం. అడవిలోని ఆశ్రమ పాఠశాలలో దోర్ల గిరిజన పిల్లల మధ్య చదువుకున్నారు. జగదల్‌పూర్‌లో లా చేసి, మొదట్లో ఇప్పపువ్వు, తునికాకు ఏరుకునే జనం మీద అటవీశాఖ పెట్టిన కేసులు వాదించారు. ఫీజు బదులు కోడినో, చింతపండునో తెచ్చిచ్చినా వద్దనేవారు కాదు. షెడ్డు వెనక కోళ్లు తిరుగుతుంటే మిగతా వకీళ్లు ముక్కు మూసుకునేవారు.

తర్వాత సర్కారే ఊళ్లవాళ్ల చేతికి తుపాకులిచ్చి, అడవిలోని నక్సలైట్ అన్నల మీదకు దళాలు కట్టించిన రోజులు వచ్చాయి. ఆయన నల్లకోటు మేకుకు తగిలించి ఖాకీ తొడిగారు. దళానికి కమాండరయ్యారు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. సంతలో జీపు మీద నిలబడి మాట్లాడుతుంటే చూశాను. చుట్టూ విల్లంబులు, పాత రైఫిళ్లు పట్టుకున్న కుర్రాళ్లు. నాకు భయమేసింది, నచ్చలేదు కూడా. జూనియర్‌గా చేరాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను, అందులోకి ఎందుకు వెళ్లారు సార్ అని. "అప్పుడు రెండే దారులమ్మా. అటో, ఇటో. మూడోది భద్రాచలం బస్సెక్కి పారిపోవుడు" అన్నారు. ఆ జవాబు బాగుందనిపించింది. బాగున్న జవాబులన్నీ నిజాలు కావని అప్పటికి నాకు తెలియదు.

దళాలు రద్దయ్యాక నల్లకోటు మళ్లీ దిగింది, దాని పక్కనే తెల్ల కుర్తా చేరింది. ఎన్నికల్లో ఒకసారి గెలిచారు, ఒకసారి ఓడారు. గెలిపించింది మాత్రం ఒక కథ. ఒక సంత రోజు మధ్యాహ్నం అన్నలు వాళ్ల శిబిరం మీద పడితే, కమాండర్ సాబ్ పిడికెడు మందితో పొద్దుగూకే దాకా నిలబడి పోరాడాడని. ప్రతి సభలోనూ ఆ కథ వచ్చేది. ఆయన చెప్పకపోతే పక్కవాళ్లు చెప్పేవారు. నేనూ ఎన్నోసార్లు విన్నాను, నమ్మాను. మా సీనియరని కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆయన దగ్గర పని నేర్చుకుని అదే షెడ్డులో సొంత బల్ల వేసుకున్నాక, ఉచిత న్యాయసహాయం కింద నాకొక కేసు వచ్చింది. అదే శిబిరం మీద దాడి కేసు. నిందితుడు కిష్టారం దాటి లోపలి పల్లెకు చెందిన దోర్ల రైతు. దాడి చేసినవాళ్లలో ఇతనూ ఉన్నాడని పట్టుకుపోయారు. బెయిలు రాలేదు, విచారణ నడవలేదు. ఏళ్లు గడిచిపోయి జైల్లోనే జుట్టు నెరిసింది. నేరం రుజువైతే మిగిలిన బతుకంతా అక్కడే.

జైలు ములాకాత్ గదిలో మొదటిసారి కలిసినప్పుడు, ఆ రోజు ఎక్కడున్నావని అడిగాను. సరిహద్దు మనిషి కాబట్టి తెలుగు బాగానే మాట్లాడతాడు.

"ఇంట్లనే ఉన్న. నా గజామూంగ్ ఉరుక్కుంట వచ్చిండు. వడ్లగాదెలో దాచిన. తెల్లారినంక వాగు దాటించిన."

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. దాడి జరుగుతున్నప్పుడు ఇతను ఇంట్లో ఉన్నాడని చెప్పే సాక్షి ఒకడున్నాడు. ఆ మనిషి పేరేమిటని కలం తీశాను. అతను నవ్వి తల దించుకున్నాడు.

బస్తర్‌లో పెరిగిన ఎవరికైనా ఆ నవ్వు అర్థమవుతుంది. జగదల్‌పూర్‌లో గోంచా రథాల పండుగకు నానబెట్టిన పెసలు, పనసతొనలు ప్రసాదంగా పంచుతారు. ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు ఆ ప్రసాదం తినిపించుకుంటే వాళ్లు గజామూంగ్‌లు, రక్తసంబంధం కంటే ఎక్కువ. ఇక చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఎదురుపడితే "జోహార్ గజామూంగ్" అనాలి, అవతలివాడు నెత్తిన మోపున్నా దించి అదే మాటతో బదులివ్వాలి. ఒకరింట్లో చావు జరిగితే రెండో ఇంట్లోనూ మైల పడతారు. నా హల్బీ స్నేహితురాళ్లలో ఇలాంటి జంటలున్నాయి. ఎంత ఏడిపించినా ఒక్కతీ రెండోదాని పేరు చెప్పేది కాదు.

అయినా నాకు కోపం ఆగలేదు. "నువ్వు పేరు చెప్పకపోతే జడ్జి నమ్మడయ్యా. లేని మనిషిని పుట్టించావంటాడు."

"నేనెట్ల చెప్తనమ్మా? ఆయనే వచ్చి చెప్తడు."

"ఇన్నేళ్లలో రాలేదే?"

"పెద్దోడయిండు. పనులుంటయి గదా. వస్తడు."

అతని భార్యను వెతుక్కుంటూ సరిహద్దు దాటి వెళ్లాను. ఆ పల్లె ఎప్పుడో ఖాళీ అయిపోయింది. జనమంతా అటువైపు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆమె మిరపచేలో కాయ ఏరుతోంది. నా మాటంతా విని కొంగు సర్దుకుంది. భర్త గజామూంగ్ ఆమెకు బావగారి వరస, ఆమె కూడా పేరెత్తదు. "నా మొగుడు చెప్పనిది నేను చెప్తనా, వకీలమ్మా" అంది. ఆ ఎండలో నిలబడి ఇద్దరి మీదా పళ్లు నూరుకున్నాను.

తిరిగొచ్చి అలవాటు కొద్దీ మా సీనియర్ బల్ల దగ్గరే కూలబడ్డాను. ఏ చిక్కు వచ్చినా అక్కడే చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నట్టే ఉండేది. మొత్తం చెప్పాను. ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని విన్నారు.

"పేరేమన్న చెప్పిండా?"

"లేదు సార్."

"చెప్పడు" అన్నారు. కాసేపు రోడ్డు వైపు చూసి, "ఆ సాక్షి సంగతి వదిలెయ్యమ్మా. పేరు లేనోడిని పట్టుకుని ఏం చేస్తవు? వయసయింది, జబ్బు చేసిందని దయ చూపమని అడుగు" అన్నారు. మంచి సలహా అనుకుని లేచాను. ఆయన టీ తాగలేదు.

తర్వాతి పేషీకి, అంటే విచారణ వాయిదాకి, పక్క గదిలో కరెంటు లేక రెండు గదుల కేసులూ ఒకేచోట పెట్టారు. నా క్లయింటును బోనులో నిలబెట్టారు. జడ్జి ఇంకెవరిదో కాగితం చదువుతున్నాడు. ఆ సమయంలో తన పార్టీ మనిషి బెయిలు కోసం మా సీనియర్ లోపలికి వచ్చారు. వెనక నలుగురు అనుచరులు, వాళ్ల వెనక ఒక లోకల్ విలేకరి. ఎన్నికల టికెట్లు ప్రకటించే రోజులు, ఎక్కడికెళ్లినా ఆయన వెంట జనం ఉండేవారు.

బోనులోని మనిషి మొహం వెలిగిపోయింది. అంత సంతోషం ఆ కోర్టులో నేనెన్నడూ చూడలేదు. రెండు చేతులూ జోడించి గొంతెత్తి అన్నాడు.

"జోహార్ గజామూంగ్."

ఆ చేతులు ఎవరి వైపు ఉన్నాయో చూశాను, మళ్లీ చూశాను. ఇంకెవరూ లేరు.

మా సీనియర్ ఆగారు. సంతలో చిల్లర కొట్టువాడు దండం పెట్టినా ఆగి బదులిచ్చే మనిషి. ఆయన ఆ జోడించిన చేతుల వంక చూశారు, విలేకరి వంక చూశారు. పక్కనున్న కానిస్టేబుల్‌ను హిందీలో అడిగారు, "ఎవరీయన? ఎవరితో మాట్లాడుతున్నాడు?" కానిస్టేబుల్ భుజాలెగరేశాడు. ఆయన ఫోను చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు.

బోనులోని చేతులు అలాగే ఉండిపోయాయి. నా కేసు పిలిచారు, పొద్దుపోయిందని వాయిదా వేశారు, పోలీసులు అతన్ని తీసుకుపోయారు. నేనేం మాట్లాడానో, ఎక్కడ సంతకం పెట్టానో నాకు గుర్తు లేదు.

ఇంటికి వెళ్తే అమ్మ చూసి, "ఏటయింది? ముఖం అలా పెట్టుకున్నావేటి?" అంది. చెప్పాను. ఆయన్ని అమ్మ ప్రతి పూజలోనూ తలుచుకునేది, కూతురికి దారి చూపించిన బాబని. వింటూ వింటూ చేతిలో చాట కింద పెట్టేసింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు, ఇదే గావాల" అంది. ఆ పూట ఇంట్లో ఎవరం సరిగా తినలేదు.

మర్నాడు షెడ్డులో ఆయన ఒంటరిగా దొరికేదాకా కాచుకున్నాను. ఎదురుగా నిలబడి, కూర్చోకుండానే అడిగాను. కాదంటారనుకున్నాను. కాదనాలని కోరుకున్నాను.

"అవునమ్మా" అన్నారు. "ఆశ్రమంల ఒకే కంచంల తిన్నం. గోంచాకు పోయి గజామూంగ్ కట్టుకున్నం."

"శిబిరం మీద దాడి జరిగిన రోజు?"

"నేనాడ లేను. తుపాకులు మోగంగనే ఖాకీ చొక్కా పొదల పారేసి ఉరికిన. వాడింటికి పోయిన. అప్పటికే మా దళం వాళ్లు ఆ ఊళ్లె సగం ఇండ్లు కాల్చిండ్రు. అయినా వాడు దాచిండు. అన్నం పెట్టిండు. ఒక్క మాటనలే."

గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు మింగుడు పడలేదు. ఈయన నిలబడ్డాడని చెప్పుకునే ఆ మధ్యాహ్నం ఈయన్ని వడ్లగాదెలో దాచిన మనిషి, ఆ మధ్యాహ్నం కోసమే జైల్లో ముసలివాడయ్యాడు. ఆ సంగతి ఈయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే సభల్లో మాట్లాడారు, తెలిసే టీ గ్లాసు పట్టుకుని నేను చెప్పిందంతా విన్నారు, తెలిసే దయ చూపమని అడగమని నాకు సలహా ఇచ్చారు.

"వచ్చి చెప్పండి సార్" అన్నాను. "ఒక్క మాట."

"ఇప్పుడు గాదమ్మా. టికెట్ రానీ. గెలిచినంక నేనే బయటికి తీసుకొస్త, నా మాట నమ్ము."

"ఆయన మీ పేరు చెప్తే?"

"చెప్పడు." ఆ మాటలో భయం లేదు, ధీమా ఉంది. "ప్రాణం పోయినా చెప్పడు. వాడు నాకు తెలుసు."

నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గు లేదా సార్ అన్నాను. జీవితంలో పెద్దవాళ్లతో అలా మాట్లాడటం అదే మొదలు. ఈసారి పేషీలో జడ్జి చేతే నా క్లయింటును ఆ పేరు అడిగిస్తానని చెప్పి వచ్చేశాను. నా క్లయింటు ఒప్పుకోకుండా ఆ పేరు కోర్టుకు నేను చెప్పలేను, చెప్పినా అతను కాదంటే కేసు అక్కడితో చచ్చిపోతుంది. అది ఆయనకూ తెలుసు, నాకు నేర్పిందే ఆయన.

పేషీకి ముందు జైలుకు వెళ్లాను. ములాకాత్ గదిలోకి వచ్చిన మనిషిని మొదట గుర్తుపట్టలేదు. గుండు చేయించుకున్నాడు, మీసం కూడా తీయించేశాడు. భార్యకు ఏమైనా అయిందేమోనని భయపడ్డాను.

"ఎవరు పోయారు?" అని అడిగాను.

"నా గజామూంగ్ పోయిండు."

అతను నెమ్మదిగా చెప్పాడు. జైలు మంగలిని బతిమాలి తల గొరిగించుకున్నాడట. అన్నకు పట్టినట్టే మైల పట్టాడట. పెట్టిన అన్నంలోంచి ఒక ముద్ద ఆకులో వేసి, గోడవతల కాకులకు పెట్టాడట.

"ఆయన బతికే ఉన్నాడు కదయ్యా. నువ్వూ నేనూ చూశాం."

"నేను జోహార్ పెట్టిన, వకీలమ్మా. నువ్వు విన్నవు గదా. బతికున్నోడైతే పలుకుతడు."

వేళాకోళం లేదు, కోపం కూడా లేదు. ఇంట్లో చావు జరిగిన మనిషి ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడాడు. ఓదార్చాలో, వాదించాలో నాకు తెలియలేదు. ఆ రోజు మా సీనియర్ బదులిచ్చి ఉంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కారు. రాజకీయాల్లో ఉన్నవాడికి ఊరికో గజామూంగ్ ఉంటాడు. నోరు మూసుకుంటే గండం గడుస్తుందనుకున్నారు. ఇన్నేళ్లూ ఆయన్ని కాపాడింది ఆ బంధం ఒక్కటే, దాన్ని తన చేతులతోనే తెంపుకున్నారు.

"గజామూంగ్ పేరు పలకగూడదు" అన్నాడతను. "గజామూంగే లేడు గదా."

తర్వాత ఆ పేరు చెప్పాడు. తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా చెప్పాడు. అలవాటు లేని నోరు కాబట్టి తడబడ్డాడు. నా ముందు అలా మా సీనియర్ పేరు పలుకుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఎవరి కోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

పేషీ రోజు మా సీనియర్ ముందే వచ్చి రెండో వరుసలో కూర్చున్నారు. తన నమ్మకం ఎంత గట్టిదో చూసుకుందామని వచ్చారేమో. బోనులోకి గుండుతో వచ్చిన మనిషిని చూడగానే ఆయన మొహంలో రంగు మారింది. ఆశ్రమంలో దోర్ల పిల్లలతో పెరిగినవాడు, ఎవరైనా ఎందుకు గుండు చేయించుకుంటారో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

జడ్జి నిందితుడిని తానే ప్రశ్నించే పేషీ అది. ఆ రోజు ఎక్కడున్నావని అడిగాడు. ఇంట్లో అన్నాడు. నీతో ఎవరున్నారని అడిగాడు. అతను పేరు చెప్పాడు. టైపు చేసే అమ్మాయి చేతులు ఆగిపోయాయి. జడ్జి మళ్లీ చెప్పమన్నాడు, మళ్లీ చెప్పాడు.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"లేడు సాబ్. పోయిండు. కర్మ గూడ చేసిన."

గదిలో ఉన్నవాళ్లందరూ రెండో వరుస వైపు తిరిగారు. జడ్జి కూడా అటే చూశాడు. కోర్టు తనంతట తాను ఎవరినైనా సాక్షిగా పిలవొచ్చు. ఆ సెక్షను చెప్పడానికి నేను లేచాను. నేను మాట పూర్తి చేయకముందే మా సీనియర్ లేచి నిలబడ్డారు. ఎవరూ పిలవకుండానే నడుచుకుంటూ వచ్చి సాక్షి బోను ఎక్కారు. వేలమంది సాక్షుల్ని ఆడించిన మనిషికి పక్కనున్న చెక్క పట్టుకుంటే గాని నిలబడటం కుదరలేదు. ప్రమాణం చేయించి పేరు అడిగారు. ఎన్నికలప్పుడు మైకుల్లో మోగిన పేరు జడ్జికి వినబడనంత చిన్నగా చెప్పారు.

చొక్కా పారేసిన చోటి నుంచి వాగు దాటిన చోటి దాకా అంతా చెప్పారు. ఏమీ మిగల్చలేదు. టికెట్ ఇంకొకరికి పోయింది. అనుచరులు మాయమయ్యారు. ఆయన మీద నాకు కోపం పోలేదు, అలాగని ఆయన బల్ల మీద దుమ్ము పేరుకుంటుంటే చూడలేక అప్పుడప్పుడూ నేనే తుడుస్తాను.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది, నిర్దోషి అని. జైలు గేటు దగ్గర అతన్ని కలిసి కుంట బస్సు దాకా నడిచాను. భార్య అటువైపు ఎదురుచూస్తోంది. చెప్పక ఉండలేకపోయాను. ఆ రోజు ఆయన వచ్చి నిజం చెప్పాడు కాబట్టే నువ్వు బయటపడ్డావయ్యా, ఒక్కసారి వెళ్లి కలువు అన్నాను.

అతను మూట భుజాన వేసుకున్నాడు.

"ఆ సాబ్ ఎవరో మంచోడే, వకీలమ్మా" అన్నాడు. "నా గజామూంగ్ బతికుంటే, ఆయన గూడ ఇట్లనే వచ్చి చెప్పేటోడు."